మహమ్మారి కాలంలో మధుమేహ నిర్వహణ: దిగువ కృష్ణా డెల్టా

నిర్వచనం, పరిధి

అంటువ్యాధి ప్రబలి రాకపోకలు, వైద్యసేవలు కుంటుపడిన కాలంలో మధుమేహం ఉన్నవారు రక్తంలో చక్కెరను అదుపులో ఉంచుకోవడం, మందులు, పరీక్షలు ఆగిపోకుండా చూసుకోవడం, అంటువ్యాధి తమకే సోకితే ప్రాణాపాయం నుంచి తప్పించుకోవడం అనే మూడు పనులూ ఈ అంశం కిందికి వస్తాయి. మామూలు రోజుల చికిత్సకూ దీనికీ మందుల్లో పెద్ద తేడా లేదు. ఆ మందు ఇంటికి చేరే దారిలోనే తేడా. 2020-22 కోవిడ్ కాలంలో మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాల పరిస్థితులను ఆధారంగా తీసుకుని ఈ వ్యాసం ఆ మూడు పనులనూ వివరిస్తుంది.

మధుమేహాన్ని ఈ ప్రాంతంలో అందరూ ‘షుగరు’ అనే అంటారు. పరగడుపున (ఫాస్టింగ్) రక్తంలో చక్కెర డెసిలీటరుకు 126 మిల్లీగ్రాములు గానీ అంతకు మించి గానీ ఉన్నా, గ్లూకోజు తాగిన రెండు గంటలకు 200 గానీ ఆ పైన గానీ ఉన్నా, మూడు నెలల సగటును చెప్పే హెచ్‌బీఏ1సీ 6.5 శాతం లేదా అంతకన్నా ఎక్కువ ఉన్నా మధుమేహంగా నిర్ధారిస్తారు. లక్షణాలేవీ లేనివారికి మరోసారి పరీక్ష చేసి రూఢి చేసుకుంటారు. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో 2008-2020 మధ్య జరిగిన ‘ఇండియాబ్’ సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం, మరో 13.6 కోట్ల మందికి దాని ముందు దశ ఉన్నట్టు ఆ సర్వే అంచనా వేసింది. అంటే కోవిడ్ వచ్చేనాటికే ఇది ఇంటింటి జబ్బు.

ప్రాంత స్వరూపం

మచిలీపట్నం (వాడుకలో బందరు) కృష్ణా జిల్లా కేంద్రం. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజనలో విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్ళగా గుడివాడ, దివిసీమ కృష్ణా జిల్లాలోనే మిగిలాయి. పులిగడ్డ దగ్గర కృష్ణానది పాయలుగా చీలి సముద్రంలో కలిసేలోపు ఏర్పడిన నేల దివిసీమ. అవనిగడ్డ, మోపిదేవి, నాగాయలంక, కోడూరు మండలాలు అందులోవి. చల్లపల్లి, ఘంటసాలలను కూడా వాడుకలో దివిసీమలోనే కలిపి చెబుతారు.

వైద్యం దృష్ట్యా ఈ ప్రాంతం మెట్లు మెట్లుగా ఉంటుంది. ఊళ్ళో ఆశా కార్యకర్త, ఉపకేంద్రంలో ఏఎన్‌ఎం, మండలంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, ఆ పైన అవనిగడ్డ, గుడివాడ ప్రభుత్వ ఆసుపత్రులు, జిల్లా స్థాయిలో బందరు ఆసుపత్రి, అన్నిటికీ చివర విజయవాడ. ఈ వరుసలో చెప్పని మనిషి ఒకరున్నారు. జ్వరమొస్తే జనం మొదట వెళ్ళేది ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గరికే. విజయవాడకు బందరు నుంచి సుమారు 70 కిలోమీటర్లు, గుడివాడ నుంచి 45 దాకా ఉంటుంది. ఎదురుమొండి దీవి ఊళ్ళవాళ్ళు ఏటిమొగ రేవు దగ్గర పంటు దాటితేనే నాగాయలంక రోడ్డెక్కగలరు. బస్సులు ఆగినప్పుడు బందరు మనిషికి కలిగే ఇబ్బందీ, పంటు ఆగినప్పుడు ఎదురుమొండి మనిషికి కలిగే ఇబ్బందీ ఒకటి కావు.

వరి పొలాలు, చేపల, రొయ్యల చెరువులు, గిలకలదిండి రేవులో సముద్రపు వేట, బందరులో గిల్టు నగల పని, పెడనలో కలంకారీ అద్దకం ఇక్కడి బతుకుతెరువులు. వీటిలో కొన్ని రోజంతా బురదలో కాళ్ళు నానబెట్టేవి, కొన్ని రోజంతా ఒకేచోట కూర్చోబెట్టేవి. షుగరు రోగికి రెండూ చిక్కే.

చరిత్ర

1918 ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి నాటికి ఇన్సులిన్ లేదు. టొరంటోలో బాంటింగ్, బెస్ట్ బృందం 1921లో దాన్ని కనుగొంది. 1922 జనవరిలో తొలిసారి ఒక బాలుడికి ఎక్కించారు. 2009 స్వైన్ ఫ్లూ నాటికి ప్రపంచమంతటా ఇన్సులిన్, మాత్రలు ఉన్నాయి. అయినా ఆ జబ్బుతో ఆసుపత్రిలో చేరేంతగా విషమించే ప్రమాదం మధుమేహ రోగుల్లో సుమారు మూడు రెట్లు ఎక్కువని పరిశీలనలు తేల్చాయి.

కోవిడ్ విషయంలో హెచ్చరిక మరీ తొందరగా వచ్చింది. 2020 ఫిబ్రవరిలో చైనా వ్యాధి నియంత్రణ కేంద్రం 44,672 నిర్ధారిత కేసుల లెక్క ప్రచురించింది. మొత్తం రోగుల్లో మరణాలు 2.3 శాతం కాగా మధుమేహం ఉన్నవారిలో 7.3 శాతం. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్చి 11న దీన్ని మహమ్మారిగా ప్రకటించింది. మర్నాడే నెల్లూరులో ఆంధ్రప్రదేశ్ తొలి కేసు నమోదైంది. మార్చి 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్.

మధుమేహ రకాలు, మహమ్మారిలో వాటి తీరు

మొదటి రకంలో శరీరం ఇన్సులిన్ తయారీని దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. చిన్న వయసులోనే ఎక్కువగా బయటపడుతుంది. ఇన్సులిన్ లేకుండా కొద్ది రోజులు కూడా గడవవు. రెండో రకంలో ఇన్సులిన్ ఉన్నా సరిగా పనిచేయదు, క్రమంగా చాలదు. రోగుల్లో అత్యధికులు ఈ రకంవారే. గర్భిణుల్లో వచ్చేది మూడోది. ప్రభుత్వ ప్రకటనల్లో ‘షుగరు, బీపీ ఉన్నవాళ్ళు జాగ్రత్త’ అని అందరినీ ఒకే గాటన కట్టేశారు. లాక్‌డౌన్ మొదటి వారంలోనే ప్రాణం మీదికి వచ్చే వీలున్నది మాత్రం మొదటి రకంవారికి. సంఖ్యలో తక్కువ కావడం వల్ల వారి మాట పెద్దగా వినబడలేదు.

వైరస్, చక్కెర: పరస్పర ప్రభావం

ఏ జ్వరమొచ్చినా శరీరం కార్టిసాల్, అడ్రినలిన్ వంటి హార్మోన్లను ఎక్కువగా విడుదల చేస్తుంది. అవి ఇన్సులిన్‌కు ఎదురు పనిచేస్తాయి. అందుకే ముద్ద ముట్టని రోజున కూడా షుగరు 300 చూపించవచ్చు. ‘ఏమీ తినలేదు కదా, ఇక సూది ఎందుకు’ అనుకోవడం ఇక్కడి ఇళ్ళలో మామూలు. జ్వరం రోజుల్లో జరిగే అతి పెద్ద పొరపాటు కూడా అదే.

అటు చక్కెర ఎక్కువైన రక్తంలో తెల్ల రక్తకణాలు సూక్ష్మజీవులను చుట్టుముట్టి చంపే పనిలో మందగిస్తాయి. వాపు పెంచే రసాయనాలు మితిమీరతాయి. రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుంది. కోవిడ్‌లో ఊపిరితిత్తుల దెబ్బ ఈ మూడింటితోనూ ముడిపడింది. అంతకుముందు షుగరు లేదనుకున్న కొందరికి కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరినప్పుడే అది బయటపడింది. వీరిలో కొందరికి ఎప్పటినుంచో ఉండి తెలియనిది, కొందరికి స్టెరాయిడ్ల వల్ల పెరిగినది, కొందరికి కొత్తగా వచ్చినది. మూడూ కలిసే ఉండటంతో ‘కరోనా వల్ల షుగరొచ్చింది’ అనే మాట ఊళ్ళలో నిలిచిపోయింది.

సరఫరా, రాకపోకలు: 2020

లాక్‌డౌన్‌లో మందుల షాపులకు మినహాయింపు ఉంది. వాటిదాకా వెళ్ళడమే కష్టమైంది. ఆర్టీసీ బస్సులు మార్చి చివరి వారంలో ఆగి మే 21న గానీ మళ్ళీ కదలలేదు. నెలకోసారి విజయవాడ వెళ్ళి డాక్టరుకు చూపించుకుని, అక్కడే నెల మందులు కొనుక్కునే అలవాటున్న కుటుంబాలు గుడివాడ, చల్లపల్లి వైపు చాలా ఉన్నాయి. వారికి పాత చీటీ ఒక్కటే ఆధారమైంది. అదే మందు వేరే కంపెనీ పేరుతో దొరికినప్పుడు పాతదీ కొత్తదీ రెండూ వేసుకుని లో షుగరులోకి పోయే ప్రమాదం ఉంటుంది. చీటీ మీది కంపెనీ పేరు కాక, డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఉండే మందు పేరు (మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ వంటిది), దాని మిల్లీగ్రాములు రోగి దగ్గర రాసి ఉండాలని వైద్యులు చెప్పేది అందుకే.

ఈ ఇబ్బందికి ప్రభుత్వం వైపు నుంచి కొన్ని మార్గాలు తెరుచుకున్నాయి. లాక్‌డౌన్ మొదలైన మార్చి 25నే కేంద్రం దూరవైద్య మార్గదర్శకాలు విడుదల చేసింది. పాత రోగికి అవే మందులు కొనసాగించమని ఫోనులో రాసివ్వడానికి దాంతో స్పష్టమైన దారి ఏర్పడింది. ఏప్రిల్ 13న రాష్ట్రంలో 14410 నంబరుతో వైఎస్సార్ టెలిమెడిసిన్ మొదలైంది. కేంద్రం ఏప్రిల్ 14న ఇచ్చిన మార్గదర్శకాల్లో బీపీ, షుగరు వంటి దీర్ఘకాలిక జబ్బులున్నవారికి మూడు నెలలకు సరిపడా మందులను ఆశా కార్యకర్తలు, ఉపకేంద్రాల ద్వారా అందించవచ్చని పేర్కొంది. 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ సచివాలయాల వ్యవస్థ, యాభై ఇళ్ళకొకరు చొప్పున ఉన్న వలంటీర్లు ఇంటింటి జ్వరం సర్వేలకు ఉపయోగపడ్డారు. జూలై 1న 108, 104 సేవలకు 1,088 కొత్త వాహనాలు రోడ్డెక్కాయి.

మాత్రలకు ఈ దారులు బాగానే పనికొచ్చాయి. ఇన్సులిన్ సంగతి వేరు. చల్లగా ఉంచాల్సిన మందును ఎండాకాలంలో ఊళ్ళకు చేర్చడం మాత్రల పట్టీ ఇచ్చి రావడంలాంటిది కాదు (చూడు: ఇన్సులిన్ నిల్వ, కొలత).

రెండో ఉధృతి, స్టెరాయిడ్లు, బ్లాక్ ఫంగస్: 2021

2020 జూన్‌లో బ్రిటన్ ‘రికవరీ’ ప్రయోగం ఫలితాలు వచ్చాయి. డెక్సామెథసోన్ అనే చవక స్టెరాయిడ్‌ను రోజుకు 6 మిల్లీగ్రాముల చొప్పున పది రోజులదాకా ఇస్తే, వెంటిలేటర్ మీదున్నవారిలో మరణాలు సుమారు మూడో వంతు, ఆక్సిజన్ మీదున్నవారిలో ఐదో వంతు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివారికి మేలు కనిపించలేదు. ఈ చివరి వాక్యం దేశంలో చాలామంది చెవికెక్కలేదు. 2021 ఏప్రిల్, మే నెలల్లో మామూలు జ్వరానికే స్టెరాయిడ్ సూదులు, మాత్రలు వాడటం విపరీతమైంది. ఒకరికి రాసిన చీటీ వాట్సాప్‌లో పది ఇళ్ళకు తిరిగింది.

స్టెరాయిడ్ షుగరును అమాంతం పెంచుతుంది. ఉదయం వేసుకున్న మిథైల్‌ప్రెడ్నిసొలోన్ వంటి మాత్ర ప్రభావం మధ్యాహ్నం, సాయంత్రం చక్కెరల్లో ఎక్కువగా కనిపిస్తుంది. పరగడుపున ఒక్కసారే చూసుకునేవారికి 130 కనిపించి, అంతా బాగానే ఉందనిపిస్తుంది. అదే మనిషికి సాయంత్రం 350 ఉండవచ్చు. అందువల్ల స్టెరాయిడ్ వాడే రోజుల్లో మధ్యాహ్న భోజనం తర్వాత, రాత్రి భోజనానికి ముందు పరీక్ష తప్పనిసరి. ఆసుపత్రిలో చేరినవారికి 140-180 మధ్య ఉంచడం సాధారణ లక్ష్యం. ఇందుకు మాత్రలకన్నా ఇన్సులిన్‌నే ఎక్కువగా వాడతారు.

బ్లాక్ ఫంగస్ (మ్యూకార్‌మైకోసిస్) ఈ నేపథ్యంలో వచ్చింది. మట్టిలో, కుళ్ళిన ఆకుల్లో, నిల్వ రొట్టెల మీద ఉండే బూజు జాతి ఇది. ఆరోగ్యవంతుణ్ణి ఏమీ చేయదు. చక్కెర ఎక్కువై, రక్తంలో ఆమ్లగుణం పెరిగి, స్టెరాయిడ్లతో రక్షణ శక్తి తగ్గిన మనిషి ముక్కు, సైనస్‌లలో అది వేళ్ళూని కంటికి, మెదడుకు పాకుతుంది. ముక్కు ఒకవైపు దిబ్బడ, నల్లటి లేదా రక్తపు చీమిడి, చెంప మొద్దుబారడం, పై పళ్ళు కదలడం, కన్ను ఉబ్బి రెండుగా కనిపించడం మొదటి గుర్తులు. చికిత్స యాంఫోటెరిసిన్ బి సూదులు, పాడైన కణజాలాన్ని తీసేసే శస్త్రచికిత్స. 2021 మేలో రాష్ట్ర ప్రభుత్వం దీన్ని ఆరోగ్యశ్రీలో చేర్చింది. అదే నెలలో అన్ని రాష్ట్రాలూ దీన్ని తప్పక నమోదు చేయాల్సిన వ్యాధిగా ప్రకటించాలని కేంద్రం కోరింది. జూలై నాటికి దేశంలో 45 వేలకు పైగా కేసులు లెక్కకొచ్చాయి. గాలిలో ఉన్న బూజును ఎవరూ ఆపలేరు. షుగరును అదుపులో ఉంచడం, అనవసర స్టెరాయిడ్ మానడం మనిషి చేతిలో ఉన్నవి.

2021 మే 5 నుంచి రాష్ట్రంలో పాక్షిక కర్ఫ్యూ వచ్చింది. ఉదయం 6 నుంచి మధ్యాహ్నం 12 వరకే బజారు. అత్యవసరాలకు మినహాయింపు ఉన్నా, మధ్యాహ్నం దాటితే బస్సు లేదు, ఆటో దొరకదు. షుగరు మాత్ర అయిపోయిందని రాత్రి గుర్తొచ్చినవాళ్ళు తెల్లారేదాకా ఆగాల్సిందే.

ఇన్సులిన్ నిల్వ, కొలత

మూత తీయని ఇన్సులిన్‌ను 2-8 డిగ్రీల సెల్సియస్ మధ్య, అంటే ఫ్రిజ్ తలుపు అరలో ఉంచాలి. వాడుతున్న సీసాను 25-30 డిగ్రీలు దాటని చోట సుమారు నాలుగు వారాలు ఉంచుకోవచ్చు. రోహిణి కార్తెలో రేకుల ఇంట్లో వేడి ఆ హద్దు ఎప్పుడో దాటేస్తుంది. ఫ్రిజ్ లేని ఇళ్ళకు పాత ఉపాయమే ఉత్తమం. వెడల్పాటి మట్టి కుండలో తడి ఇసుక పోసి, దానిలో చిన్న ముంత కూర్చి, సీసాను ప్లాస్టిక్ సంచిలో చుట్టి ముంతలో పెట్టి, పైన తడిగుడ్డ కప్పి నీడలో ఉంచాలి. ఇసుక ఆరకుండా రోజుకు రెండుసార్లు నీళ్ళు చల్లితే లోపలి వేడి బయటికన్నా కొన్ని డిగ్రీలు తగ్గుతుంది.

షాపులో ఇన్సులిన్ కొంటే కవరులో ఐసు ముక్కలు వేసి ఇవ్వడం ఇక్కడ రివాజు. సీసా నేరుగా ఐసుకు ఆనితే గడ్డకడుతుంది. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక చూపుకు మామూలుగానే ఉన్నా పనిచేయదు. కాగితంలోనో గుడ్డలోనో చుట్టి ఐసుకు తగలకుండా పెట్టించుకోవాలి. నీళ్ళలా తేటగా ఉండాల్సిన రకం మబ్బుగా మారినా, పాలలా ఉండే మిశ్రమ రకం కలిపినా విరిగినట్టు పలుకులు కనిపించినా పారేయాలి.

కొలతలో మరో ప్రమాదం ఉంది. దానిమీద మామూలు పుస్తకాలు ఒక వాక్యంతో సరిపెడతాయి గానీ కొరత రోజుల్లో ఇది ప్రాణాంతకం. మన దేశంలో సీసాల్లో వచ్చే ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లది. దానికి ఎర్ర మూత సిరంజి. పెన్నుల కార్ట్రిడ్జిల్లో వచ్చేది 100 యూనిట్లది. 100 యూనిట్ల సిరంజికి నారింజ రంగు మూత. దొరికిన సిరంజితో దొరికిన ఇన్సులిన్ తీసుకుంటే లెక్క రెండున్నర రెట్లు తారుమారవుతుంది. 40 యూనిట్ల సీసాలోంచి నారింజ మూత సిరంజితో 20 గీత దాకా తీస్తే ఒంట్లోకి వెళ్ళేది 8 యూనిట్లే. 100 యూనిట్ల మందును ఎర్ర మూత సిరంజిలో 20 గీత దాకా తీస్తే 50 యూనిట్లు వెళ్తుంది. రెండోది మనిషిని స్పృహ తప్పిస్తుంది. పెన్ను దొరక్క సీసాకు మారినవారు, సీసా దొరక్క పెన్నుకు మారినవారు ముందు మూత రంగు, సీసా మీది అంకె సరిపోల్చుకోవాలి.

ఇంటి పరీక్ష

లాబ్‌కు వెళ్ళడం తగ్గిన కాలంలో గ్లూకోమీటర్ ప్రధాన సాధనమైంది. దాని లెక్క తప్పడానికి సాధారణ కారణం చేతివేలు. బంగినపల్లి కోసి, చేయి గుడ్డకు తుడుచుకుని వేలు గుచ్చితే యంత్రం చూపేది రక్తంలోని చక్కెర, వేలి మీది మామిడి రసం కలిపి. శానిటైజర్ ఆ తీపిని పూర్తిగా కడగదు. పైగా స్పిరిట్ ఆరకముందే గుచ్చితే రక్తపు చుక్క పలచబడుతుంది. సబ్బుతో కడిగి, పూర్తిగా తుడిచి, వేలి కొనకు పక్కగా గుచ్చడం సరైన పద్ధతి. స్ట్రిప్పుల డబ్బా మూత గట్టిగా బిగించాలి. సముద్రపు గాలి తేమకు స్ట్రిప్పులు త్వరగా పాడవుతాయి. కోవిడ్ తీవ్రమై ఒంట్లో నీరు, ఆక్సిజన్ బాగా తగ్గినవారిలో గ్లూకోమీటర్ అంకెను పూర్తిగా నమ్మకూడదు. అక్కడ లాబ్ పరీక్షే ప్రమాణం.

చదువు రాని పెద్దవాళ్ళున్న ఇళ్ళలో క్యాలెండర్ గడిలో అంకె వేయడం తేలికైన పద్ధతి. ఫోనులో డాక్టరుకు చెప్పేటప్పుడు ‘కొంచెం ఎక్కువే ఉందండీ’ అనే మాటకన్నా వారం రోజుల అంకెలు పదింతలు ఉపయోగం.

ఆహారం, ఉపవాసం

డెల్టాలో భోజనమంటే అన్నం. లాక్‌డౌన్‌లో రేషను బియ్యం ఉచితంగా అందాయి. కూరగాయలు ప్రియమయ్యాయి, నడక ఆగిపోయింది. ఈ మూడూ షుగరును ఒకే వైపు తోసేవి. అన్నం పూర్తిగా మానమనడం ఇక్కడ ఎవరూ పాటించని సలహా. ముద్ద సగానికి తగ్గించి, ఆ సగాన్ని ఆకుకూర, పప్పు, చేపతో నింపడం సాధ్యమైన మార్గం. బాపట్ల పరిశోధన కేంద్రంలో పుట్టిన సాంబ మసూరి (బీపీటీ 5204) ఈ ప్రాంతపు ఇష్టమైన సన్నబియ్యం. హైదరాబాద్‌లోని వరి పరిశోధన సంస్థ, సీసీఎంబీ కలిసి ఎండాకు తెగులును తట్టుకునేలా దాన్ని మెరుగుపరిచాయి. అలా వచ్చిన ‘ఇంప్రూవ్డ్ సాంబ మసూరి’కి గ్లైసీమిక్ సూచిక 55 కన్నా తక్కువని తేలింది. ఈ రకం బియ్యమైనా రెండు పళ్ళేలు తింటే ఫలితం ఉండదు.

రోగనిరోధక శక్తి పేరుతో ఆ రెండేళ్ళు కషాయాలు విరివిగా తాగారు. శొంఠి, మిరియాలతో చిక్కు లేదు, వాటిలో కలిపిన బెల్లం, తేనెతోనే. తాటిబెల్లం షుగరు పెంచదన్నది అపోహ.

బందరులో ముస్లిం కుటుంబాలు గణనీయంగా ఉన్నాయి. 2020లో రంజాన్ నెల లాక్‌డౌన్‌లోనూ, 2021లో రెండో ఉధృతి మధ్యలోనూ వచ్చింది. ఉపవాసం పాటించే షుగరు రోగులు మాత్రల వేళలు, మోతాదులు ముందే డాక్టరుతో మార్పించుకోవాలి. చక్కెర 70 కన్నా పడిపోయినా, 300 దాటినా ఆనాటి ఉపవాసం విరమించాలన్నది వైద్య సలహా. వేలు గుచ్చి పరీక్ష చేసుకుంటే ఉపవాసం భంగం కాదని మత పండితులు కూడా చెబుతున్నారు. ఏకాదశి, కార్తీక సోమవారాల ఉపవాసాలకూ అవే అంకెలు వర్తిస్తాయి.

పాదాలు

లాక్‌డౌన్‌లో కూడా వ్యవసాయ పనులు ఆగలేదు. స్పర్శ తగ్గిన పాదంతో చెప్పులు లేకుండా చేలోకో రొయ్యల చెరువు గట్టుకో వెళ్ళినవారికి గుచ్చుకున్న ముల్లు, కోసుకున్న గవ్వ తెలియవు. మామూలు రోజుల్లో వారంలో చూపించుకునే పుండును కరోనా భయంతో నెలదాకా ఇంట్లోనే కట్టు కట్టుకున్నారు. రోజూ రాత్రి దీపం దగ్గర కాలు ఎత్తి అరికాలు, వేళ్ళ సందులు ఇంకొకరిచేత చూపించుకోవడం ఖర్చులేని పని. పుండు చుట్టూ ఎర్రదనం, వాసన, నలుపు కనిపిస్తే ఫోను వైద్యం చాలదు.

జ్వరం రోజుల నియమాలు

ఇన్సులిన్ మీదున్నవారు, ముఖ్యంగా మొదటి రకంవారు, తిండి లేకపోయినా రోజూ వేసుకునే, ఎక్కువసేపు పనిచేసే ఇన్సులిన్ ఆపకూడదు. చక్కెరను నాలుగు గంటలకోసారి చూడాలి. గంటగంటకూ కొద్దికొద్దిగా నీళ్ళు, ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ, గంజి తాగాలి. అన్నం పోనివారికి గంజే ఆహారం కూడా. గుండె, కిడ్నీ జబ్బులున్నవారు ఎంత తాగాలో డాక్టరును అడగాలి. కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ కాబట్టి కిడ్నీ రోగులకు మంచివి కావు.

మాత్రల్లో మూడింటిని గుర్తుంచుకోవాలి. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గినప్పుడు మెట్‌ఫార్మిన్‌ను డాక్టరు సలహాతో తాత్కాలికంగా ఆపుతారు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటివి మూత్రంలో చక్కెరను పంపే మందులు. జ్వరంలో తిండి తగ్గినప్పుడు ఇవి చక్కెర పెద్దగా పెరగకుండానే రక్తంలో ఆమ్లాన్ని పెంచగలవు. అంకె 180 చూసి ధైర్యపడే మనిషి ఆయాసంతో కుప్పకూలవచ్చు. కాబట్టి వీటినీ ఆపుతారు. గ్లిమెపిరైడ్ వంటివి తిండి లేనప్పుడు లో షుగరు తెస్తాయి. మోతాదు తగ్గించాలి. చెమటలు, వణుకు, తికమకతో చక్కెర 70 కన్నా పడిపోతే మూడు చెంచాల చక్కెరో గ్లూకోజో నీళ్ళలో కలిపి తాగి, పదిహేను నిమిషాలకు మళ్ళీ చూసుకోవాలి. స్పృహలో లేనివారి నోట్లో ఏదీ పోయకూడదు.

కోవిడ్ అయితే పల్స్ ఆక్సీమీటర్ కూడా కావాలి. 94 కన్నా తగ్గితే ఇంటి చికిత్స సరిపోదు. 2020 జూలై 2 నాటి కేంద్ర మార్గదర్శకాల ప్రకారం అరవై దాటినవారు, మధుమేహం వంటి జబ్బులున్నవారు వైద్యాధికారి పరీక్షించి ఒప్పుకున్నాకే ఇంట్లో ఉండి చికిత్స పొందే వీలుండేది. చక్కెర రెండుసార్లు వరుసగా 300 దాటడం, ఆగని వాంతులు, లోతుగా వేగంగా ఊపిరి తీయడం, ఊపిరిలో పండిన పండు వాసన, మగత: వీటిలో ఏది కనిపించినా 108కి ఫోను చేయాలి.

టీకాలు

2021 మార్చి 1న అరవై దాటినవారికీ, 45-59 ఏళ్ళ దీర్ఘకాలిక రోగులకూ కోవిడ్ టీకా మొదలైంది. ఆ రెండో వర్గంలో షుగరు ఉన్న ప్రతివారికీ చోటు దక్కలేదు. పదేళ్ళకు పైగా మధుమేహం గానీ దాని దుష్ఫలితాలు గానీ ఉండి, దానికితోడు బీపీకి చికిత్స పొందుతుండాలి. ఈ షరతు ఒక్క నెలే నిలిచింది. ఏప్రిల్ 1 నుంచి 45 దాటిన అందరికీ తెరిచారు. మధుమేహ రోగులకు ఇన్‌ఫ్లుయెంజా టీకాను ఏటా, న్యుమోకోకల్ టీకాను విడిగా సిఫారసు చేస్తారు. వీటి వాడకం ఈ ప్రాంతంలో ఇప్పటికీ తక్కువే.

తుఫాను, వరద, మహమ్మారి కలిసినప్పుడు

1864 నవంబరు 1న బందరును, 1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెనలు ఈ తీరంలో వేలాది ప్రాణాలు తీశాయి. ఇక్కడ మహమ్మారి ఒంటరిగా రాదు. 2022 మే 11న అసని తుఫాను మచిలీపట్నం, నరసాపురం మధ్య తీరం దాటింది. తుఫాను షెల్టరులో వందమంది ఒకచోట ఉండాలి, అంటువ్యాధి ఉంటే దూరం ఉండాలి. కరెంటు పోతే ఫ్రిజ్ పోతుంది. లంక గ్రామాలవారు వరదకు బియ్యం, అగ్గిపెట్టె మూట కట్టుకోవడం తరతరాల అలవాటు. షుగరు ఉన్న ఇంట్లో ఆ మూటలో నెల మాత్రలు, రెండు సీసాల ఇన్సులిన్, సిరంజిలు, స్ట్రిప్పులు, చక్కెర పొట్లం, మందుల పేర్లు రాసిన కాగితం కూడా ఉండాలి.

తరువాతి పరిణామాలు

2023 ఏప్రిల్ 6న రాష్ట్రంలో ఫ్యామిలీ డాక్టర్ విధానం మొదలైంది. దానికింద ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు 104 వాహనంతో ఊరికి వచ్చి బీపీ, షుగరు చూసి మందులివ్వాలని నిర్ణయించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న కోవిడ్ అంతర్జాతీయ అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించింది. ఆ ఏడాది సెప్టెంబరు 15న మచిలీపట్నం ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది.

విజయవాడ మీద ఆధారపడటం వీటితో కొంత తగ్గుతుంది. ఏటిమొగ రేవు మాత్రం అలాగే ఉంది. తుఫాను హెచ్చరిక వస్తే పంటు కదలదు. దీవి ఊళ్ళలో షుగరు ఉన్నవారు కనీసం నెల రోజుల మందు ఎప్పుడూ ఇంట్లో ఉంచుకోవాలి.